హోంవర్క్ చేయించని ట్యూషన్

తెనాలిలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకి ట్యూషన్ వెతుక్కుంటున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మాయి పోయిన జూన్ నుంచి ఇక్కడికి వెళ్తోంది. పది నెలలు దగ్గరుండి చూశాను కాబట్టి మంచీ చెప్తాను, ఇబ్బందీ చెప్తాను. ముందే ఒక మాట. స్కూల్లో ఇచ్చిన హోంవర్క్ పూర్తి చేయించి ఇంటికి పంపే చోటు కావాలంటే ఇది మీకు పనికిరాదు. ఇక్కడ హోంవర్క్ పుస్తకం సంచిలోంచి బయటికి తీయనివ్వరు.

నడిపేది రిటైరైన మాస్టారు ఒకాయన. ముప్పై ఏళ్ళకి పైగా చుట్టుపక్కల ఊళ్ళలో మండల పరిషత్ బడుల్లో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేశారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. వాళ్ళ మేడ మీద రేకుల షెడ్డు, కింద చాపలు, గోడకి నల్లబోర్డు, మూలన పలకల దొంతర. పిల్లలు 14 మందే. రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరూ కలిసే కూర్చుంటారు. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడుంబావు వరకు, నెలకి 600 రూపాయలు.

మేం అక్కడికి ఎలా వెళ్ళామో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. నాది కిరాణా కొట్టు. పోయిన వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం మా అమ్మాయిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి లోపల బియ్యం తూస్తున్నాను. పక్క వీధి మామ్మగారు 64 రూపాయల సరుకు తీసుకుని వంద నోటు ఇచ్చారు. ఇది కాగితం మీద లెక్క వేసి 44 రూపాయలు చేతిలో పెట్టింది. ఆవిడ లెక్కపెట్టుకుని 8 రూపాయలు తిరిగి బల్ల మీద పెట్టి, "నీకే నష్టం తల్లీ" అని వెళ్ళిపోయారు. ఆ నెలలోనే వచ్చిన ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకి 50కి 46. అప్పటికే ఒక ట్యూషన్‌కి వెళ్తోంది. అక్కడ రోజూ హోంవర్క్ పూర్తయ్యేది, నోట్సు ముత్యాల్లా ఉండేది. ఆ నోట్సు బోర్డు మీంచి దించుకున్నదని నాకు ఆ రోజే తెలిసింది.

మాస్టారి దగ్గరికి తీసుకెళ్తే పరీక్ష కాగితం ఏమీ ఇవ్వలేదు. పలక ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. తెలుగు వాచకంలో ఒక పేజీ చదివించారు. ఐదు మాటలు చెప్పి రాయమన్నారు. ఒక తీసివేత వేశారు. చివర్లో, "మీ ఊరి కాలువలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయమ్మా?" అని అడిగారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తర్వాత నాతో, "పిల్ల తెలివైంది. నాలుగు చోట్ల ముడి పడింది, అంతే. విప్పుదాం" అన్నారు. ఆ నాలుగు ముళ్ళూ ఏమిటో విడివిడిగా చెప్పారు కూడా. అంతకుముందు మాకెవరూ అలా చెప్పలేదు. "ప్రాక్టీసు చాలదు", "ఇంట్లో కూర్చోబెట్టండి" అనేవాళ్ళు.

ముందు తీసివేత సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఆయన వేసిన లెక్క 52 లోంచి 38 తీసివేయడం. మా అమ్మాయి 26 అని రాసింది. ఆయన తప్పు అనలేదు, ఇంటూ కొట్టలేదు. "26 ఎలా వచ్చిందో చెప్పు" అన్నారు. "8 లోంచి 2 పోతే 6, 5 లోంచి 3 పోతే 2" అంది. అప్పుడు నాకు తట్టింది, వందలోంచి 64 తీసేస్తే 44 ఎలా వచ్చిందో. పిల్ల ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది, ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడటం లేదు. స్కూల్లో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని నేర్పారు. ఎప్పుడు తెచ్చుకోవాలో, తెస్తే ఒకటి కాస్తా పది ఎందుకవుతుందో దానికి తెలీదు. కొట్టివేతలు, పైన చిన్న అంకెలు వేయడం వచ్చు కాబట్టి చూసినవాళ్ళకి లెక్క వచ్చినట్టే ఉంటుంది.

మర్నాడు నన్ను పది రూపాయల నోట్లు ఐదు, కొన్ని రూపాయి బిళ్ళలు తెమ్మన్నారు. చాప మీద పిల్ల ముందు ఐదు నోట్లు, రెండు బిళ్ళలు పెట్టారు. మిగతా బిళ్ళలు నా చేతిలో ఉంచమన్నారు. "ఇవి 52. నాకు 38 రూపాయలు ఇవ్వు" అన్నారు. ఇది మూడు నోట్లు తీసి ఇచ్చింది. ఇంకా ఎనిమిది ఇవ్వాలి, ఉన్నవి రెండు బిళ్ళలు. కాసేపు వాటినే చూసింది. మాస్టారు ఏమీ మాట్లాడలేదు, నన్నూ మాట్లాడొద్దని చెయ్యి చూపించారు. నిమిషం పైనే గడిచి ఉంటుంది. తర్వాత ఒక పది నోటు తీసి నా వైపు చాపి, "నాన్నా, చిల్లర ఇవ్వు" అంది.

మాస్టారు అప్పుడు పలక అందుకున్నారు. 5 కొట్టేసి 4 వేయించారు, రెండుని పన్నెండు చేయించారు. "అప్పు అంటే మళ్ళీ తీర్చాలి కదమ్మా. ఇక్కడ తీర్చేదేముంది? నువ్వు పదికి చిల్లర మార్చుకున్నావు, అంతే" అన్నారు. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు, మిగిలిన నోట్లలో మూడు పోతే ఒకటి. 14. చాప మీద ఒక నోటు, నాలుగు బిళ్ళలు కనబడుతున్నాయి. పిల్ల పలకనీ చాపనీ రెండు మూడు సార్లు మార్చి మార్చి చూసుకుంది.

నేను ఇరవై ఏళ్ళుగా చిల్లర ఇస్తున్నాను, కానీ తీసివేతలో "అప్పు" అన్న మాటే పిల్లల్ని తికమక పెడుతుందని నాకెప్పుడూ తోచలేదు. పది రోజుల తర్వాత 300 లోంచి 147 వేశారు. మధ్యలో సున్నా ఉన్న లెక్క అది. వంద నోటు పదులు చేయాలి, అందులో ఒక పదిని రూపాయి బిళ్ళలు చేయాలి. రెండుసార్లు చిల్లర మార్చుకుని 153 అని రాసింది. మాస్టారు చెప్పిందేమిటంటే, దేశమంతా పల్లెటూళ్ళలో పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ వాళ్ళు కూడా ఇలా మార్చుకోవాల్సిన రెండంకెల తీసివేతే ఇచ్చి చూస్తారట. 2024 సర్వేలో మూడో తరగతి పిల్లల్లో దాదాపు మూడోవంతు మందే అది చేయగలిగారు. కాబట్టి మీ పిల్లకి రాకపోతే తిట్టకండి, ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి.

లెక్కల్లోనే ఇంకో ముడి. థర్టీన్ అని చెప్తే మా అమ్మాయి 31 రాసేది. ఇంగ్లీషులో ఆ మాటలో మూడు ముందొస్తుంది, పది తర్వాతొస్తుంది. తెలుగులో పదమూడు అంటే పది ముందే వచ్చేస్తుంది. ఇరవై మూడు, నలభై ఏడు, అన్నీ రాసే వరసలోనే పలుకుతాం. అందుకని ఇంగ్లీషు మీడియం పిల్లల చేత కూడా సంఖ్యలు ముందు తెలుగులో చెప్పించి, రాయించి, తర్వాతే ఇంగ్లీషు పేరు చెప్పిస్తారు. వారం రోజుల్లో ఆ తిరగేసి రాయడం పోయింది.

ఎక్కాలు రెండు భాషల్లోనూ. "టూ వన్ జా టూ" అని మన పిల్లలంతా పాడతారు కదా, ఆ "జా" ఏమిటని ఏ పిల్లనీ నేను అడగలేదు. అది "వన్స్ ఆర్" అని, గబగబా అంటే అలా అయిందని ఈయన చెప్పారు. రెండు ఒకట్లు రెండు అని అర్థమయ్యాక అది పాట కాకుండా లెక్క అయింది. ఇప్పుడు ఇంట్లో "ఏడారులు నలభై రెండు, ఏడేడులు నలభై తొమ్మిది" అని మా అమ్మతో పోటీగా చెప్తోంది. ఈ విషయంలో ఒక్కచోట నాకు మాస్టారితో పడదు. మూడో తరగతికి పది ఎక్కం దాకా చాలంటారు. నాకు ఇరవై దాకా కావాలి, పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా కావాలి. కొట్లో ముప్పావు కిలో పప్పు అడిగితే కాలిక్యులేటర్ కోసం వెతుక్కోకూడదని నా పట్టుదల. అవి నేనే పొద్దున పూట నేర్పిస్తున్నాను.

తెలుగు దగ్గరికి వస్తాను. మొదటి రోజు డిక్టేషన్‌లో "ఆవు" అని చెప్తే మా అమ్మాయి "ఆమ" అని రాసింది. నాకు కోపమొచ్చింది, మూడో తరగతికి వచ్చి ఆవు రాయలేకపోవడమేమిటని. మాస్టారు అన్నారు, "ఇది తెలివైన తప్పండీ. వ రాసి, అన్నిటికీ పెట్టినట్టే పక్కన కొమ్ము పెట్టింది. వకి పక్కన కొమ్ము పెడితే మ అయిపోతుంది. అందుకే వుకి కొమ్ము కిందనుంచి చుట్టి రాస్తాం, పుకి కూడా అంతే." నలభై ఏళ్ళుగా ఆవు, పువ్వు, పులి రాస్తున్నాను. కొమ్ము అక్కడెందుకు కిందికి వెళ్తుందో ఆ రోజే తెలిసింది. పిల్లకి ఆ ఒక్క మాట చెప్పి, ఆవు, పువ్వు, నవ్వు, చెరువు, పులుపు రాయించారు. మళ్ళీ ఆ తప్పు రాలేదు.

తర్వాత మా కొట్టే వాచకం అయింది. డబ్బాల మీద చీటీలు అమ్మాయి చేత రాయించమన్నారు. ఉప్పు, పప్పు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి. ధనియాలకి ద కింద గీత మర్చిపోయి రాసింది, మూడు రోజులు ఆ డబ్బా అలాగే ఉంచి, నాలుగో రోజు తనే చూసుకుని దిద్దుకుంది. సెనగపప్పు అని నేను రాసిన చీటీ చూసి, పుస్తకంలో శనగ అని ఉందని నాతో వాదించింది. మాస్టారు రెండూ వాడుకలో ఉన్నాయన్నారు. ఇప్పుడు మా కొట్లో ముప్పై రెండు డబ్బాల మీద దాని చేతిరాతే ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు చదివి మెచ్చుకుంటుంటే దాని మొహం చూడాలి.

షెడ్డులో గోడ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు అవి. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు తెలియని పాఠాన్ని నిమిషానికి 60 మాటలకి తక్కువ కాకుండా అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 దాకా సంఖ్యలు చదవాలి, రాయాలి. మా అమ్మాయి చేరినప్పుడు నిమిషానికి 31 మాటలు చదివింది, ఫిబ్రవరిలో 55. మాస్టారు ఆ అంకె కోసం తొందరపెట్టరు. తెలుగు మాట పొడుగు, "వెళ్ళిపోతున్నప్పుడల్లా" అన్నది కూడా ఒక్క మాటే, కాబట్టి నిమిషం లెక్క కంటే చదివింది తిరిగి చెప్పగలుగుతోందా అన్నది చూడమంటారు. రోజూ ఒక పేజీ చదివించి, పుస్తకం మూసి, "ఏం జరిగింది?" అని అడుగుతారు. పిల్లలు సొంత మాటల్లో చెప్పాలి. పుస్తకంలో వాక్యం అప్పజెప్తే ఆపేస్తారు.

ఇంగ్లీషు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చదవడం, అర్థం చెప్పడం, చిన్న చిన్న వాక్యాలు రాయడం బాగా చేయిస్తారు. మాట్లాడించడం లేదు. ఆయన ఉచ్చారణ పాతకాలం బడి ఉచ్చారణ. మీ పిల్లలు ఇంగ్లీషులో గలగలా మాట్లాడాలంటే దానికి వేరే చోటు చూసుకోవాలి.

పరిసరాల విజ్ఞానం నాకు అన్నిటికంటే నచ్చింది. మన ప్రభుత్వ బడుల్లో ఆ సబ్జెక్టు మూడో తరగతి నుంచే విడిగా ఉంటుంది, ఒకటి, రెండు తరగతుల్లో భాషలూ లెక్కలే. మా అమ్మాయి స్కూల్లో మాత్రం ఒకటో తరగతి నుంచే సైన్సు, సోషల్ అని ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించారు. నీటి వనరులు ఏవి అంటే నదులు, చెరువులు, బావులు అని ఇంగ్లీషులో గడగడా చెప్పేది. కాలువలో నీళ్ళు ఎక్కడివి అంటే మాత్రం మొదటి రోజు ఆయన మొహం చూస్తూ కూర్చుంది. మేముండేది మూడు కాలువలు పారే ఊళ్ళో.

జూలైలో కాలువలకి నీళ్ళు వదిలాక ఒక ఆదివారం సాయంత్రం ఆరుగురు పిల్లల్ని తీసుకెళ్ళారు, తల్లిదండ్రుల్లో ఒకరైనా వెంట ఉండాలని షరతు. నేను వెళ్ళాను. పొద్దుగుంకే వైపు తిరిగి నిలబడమన్నారు. ఎదురుగా పడమర, కుడిచేతి వైపు ఉత్తరం, ఎడమచేతి వైపు దక్షిణం. కాగితం పడవ వదిలారు. అది కుడివైపు నుంచి ఎడమవైపుకి వెళ్ళింది. "మరి నీళ్ళు ఏ వైపు నుంచి వస్తున్నట్టు?" అంటే పిల్లలంతా ఉత్తరం అన్నారు. ఉత్తరాన ఏముంది? విజయవాడ. అక్కడేముంది? ప్రకాశం బ్యారేజీ అని ఒక నాలుగో తరగతి పిల్లాడు చెప్పాడు. అది 1957లో వచ్చిందని, అంతకుముందు 1855 నాటి ఆనకట్ట నుంచే ఈ డెల్టాకి నీళ్ళు పారేవని, ఈ నీళ్ళు పొలాలు తడిపాక మిగిలినవి సముద్రం వైపు పోతాయని మాస్టారు చెప్పారు. ఇంటికొచ్చి మా అమ్మాయి పలక మీద బ్యారేజీ, కాలువ, మా ఊరు, మా కొట్టు, కింద సముద్రం గీసింది. కొట్టుని బ్యారేజీ కంటే పెద్దగా గీసింది. ఇప్పుడు వార్తల్లో కృష్ణకి వరద అని వస్తే టీవీ ముందు నిలబడి చూస్తుంది.

ఇక ఇబ్బందులు. రేకుల షెడ్డు కాబట్టి ఏప్రిల్ నుంచి ఉడికిపోతుంది, రెండు ఫ్యాన్లున్నా చాలవు. పెద్ద వాన పడితే మాట వినబడదు. మాస్టారికి ఒంట్లో బాగోక నవంబరులో పన్నెండు రోజులు మూసేశారు, మర్నాడు వెళ్ళేదాకా మాకు తెలీదు. వాట్సాప్ గ్రూపు లాంటిది లేదు, అడిగితే ఫోనెత్తుతారు, అంతే. మూసేసిన రోజులకి డబ్బు తీసుకోనన్నారు, అది వేరే సంగతి. ఐదో తరగతి పిల్లలకి ఆయన సమయం తక్కువ దొరుకుతోందని నాకనిపించింది. చిన్నవాళ్ళ తప్పులు చూడటంలోనే గంట గడిచిపోతుంది. నవోదయ పరీక్ష రాయించాలనుకునేవాళ్ళు ఇక్కడికి పంపకండి. అందులో సగం మార్కులు మెంటల్ ఎబిలిటీకే, అది ఈయన చెప్పరు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది హోంవర్కే. ఏడుంబావుకి వచ్చిన పిల్ల చేత మా ఆవిడ ఏడున్నర నుంచి ఎనిమిదింబావు దాకా కూర్చుని చేయించాల్సి వచ్చేది. మొదటి రెండు నెలలు డైరీలో "హోంవర్క్ ఇన్‌కంప్లీట్" అని ఎర్రసిరాతో రాసి పంపారు. మా ఆవిడ మాన్పించేద్దామంది. నేను మాస్టారిని వెళ్ళి అడిగాను, అరగంట హోంవర్క్‌కి ఇవ్వొచ్చు కదా అని. "మీరు తెలియని లెక్కకి జవాబు రాయించమంటున్నారు. నేను రాయిస్తే మీ డైరీ బాగుంటుంది, పిల్ల చేతిలో మళ్ళీ 44 రూపాయలే ఉంటాయి" అన్నారు. మామ్మగారి సంగతి ఆయనకి నేనే చెప్పాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే, సరే చూద్దాం అంది. దసరా తర్వాత హోంవర్క్ ఇరవై నిమిషాల్లో అయిపోతోంది, ఎందుకంటే ఇప్పుడు చాలావరకు దానికే వస్తోంది. తల్లిదండ్రులిద్దరూ రాత్రి పొద్దుపోయి వచ్చే ఇళ్ళలో ఆ మొదటి నాలుగు నెలలు మాత్రం చాలా కష్టమవుతుంది. అది ఆలోచించుకుని చేర్పించండి.

మార్కులు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. సంక్రాంతి ముందు పరీక్షల్లో లెక్కలకి 50కి 43 వచ్చాయి, పోయినేడు కంటే మూడు తక్కువ. పేపరు తెచ్చి చూపించింది. పోయినేడాది మార్కులు గుర్తుపెట్టుకుని రాసిన లెక్కలవి, ఈ ఏడాది మార్కులు తనే చేసిన లెక్కలవి. తప్పయిన రెండింటినీ ఎక్కడ తప్పాయో తనే వేలుపెట్టి చూపించింది.

చేర్పించాలనుకునేవాళ్ళు ఏప్రిల్లోనే వెళ్ళి అడగండి, జూన్‌కి 14 నిండిపోతాయి. పిల్లని వెంట తీసుకెళ్ళాలి, మిమ్మల్ని చూసి చేర్చుకోరు. పలక మీరే తెచ్చుకోవాలి, రాతిపలకే. రేకుపలక, ప్లాస్టిక్ పలక వద్దంటారు, బలపం జారుతుందని. మా కొట్లో మార్కాపురం పలకలు తెప్పించడం పదేళ్ళ కిందటే మానేశాను, అడిగేవాళ్ళు లేక. ఇప్పుడు ఈ ట్యూషన్ పిల్లల కోసం మళ్ళీ రెండు డజన్లు తెప్పించాను. ఒకటి మా చిన్నాడి కోసం పక్కన పెట్టాను, వాడు వచ్చే ఏడాది రెండో తరగతి.